ముందు లూప్ తెంపమ్మా

మా మేడమ్ పోయారన్న కబురు వచ్చేసరికి నేను వర్క్‌షాపులో చిలకలూరిపేట స్పిన్నింగ్ మిల్లు వాళ్ళ బోర్డు ముందు కూర్చుని ఉన్నాను. వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పొద్దున్నే పోయిందక్కా. సాయంత్రం దాకా ఉంచుతాం, వేటపాలెం వచ్చెయ్." నిజం చెప్పాలంటే, ఆ బోర్డు సంగతి అడగడానికి అప్పుడే ఆవిడకి ఫోన్ చేద్దామనుకుంటున్నాను.

గుంటూరులో కాలేజీ రోజుల్లో ఆవిడ మా ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ మేడమ్. టెస్టర్ కొప్పులో గుచ్చుకుని, దానికోసం బల్లలన్నీ వెతికేవారు. ఫేజ్ లాక్డ్ లూప్ నాకు నేర్పింది ఆవిడే. అందులో ఆసిలేటర్, అంటే తనంతట తాను తాళం కొట్టే సర్క్యూట్, బయటి సిగ్నల్‌తో అడుగులో అడుగేసి నడవాలి. వెనకబడితే ఫీడ్‌బ్యాక్ తోస్తుంది, ముందుకు పరిగెడితే పట్టి లాగుతుంది. అలా కలిసి నడిస్తే లాక్ అయినట్టు. నా ప్రాజెక్టు మాత్రం పొద్దున లాక్ అయ్యేది, మధ్యాహ్నానికి చెదిరిపోయేది. మర్నాడే పరీక్ష. నేను అసలే కంగారు మనిషిని. కనిపించిన స్క్రూనల్లా తిప్పేస్తున్నాను.

"ముందా చేతులు కట్టుకో," అన్నారు మేడమ్. "అత్తాకోడళ్ళని ఒకచోట కూర్చోబెట్టి అడిగితే తప్పెవరిదో తేలుద్దా? ఒకళ్ళ మీద ఒకళ్ళు చెప్పుకుంటారు. విడదీసి అడగాలి. ముందు లూప్ తెంపమ్మా."

ఫీడ్‌బ్యాక్ తీగ ఊడదీసి, ఆసిలేటర్‌కి విడిగా కదలని వోల్టేజి ఇచ్చాం. అయినా ఫ్రీక్వెన్సీ మెల్లగా జారిపోతోంది. మేడమ్ చెమట తుడుచుకుంటూ కిటికీల వంక చూశారు. మిరపకాయల రోజులు. యార్డు నుంచి వచ్చే ఘాటుకి తాళలేక మేమే అన్నీ బిగించుకుని కూర్చున్నాం, గది కుంపటిలా ఉంది. ఆ వేడికి ఆసిలేటర్ లూప్‌కి అందనంత దూరం పోతోంది.

"కిటికీలు తీస్తే మనం తుమ్ముతాం, మూస్తే అది తుమ్ముతోంది," అని నవ్వారు. కెపాసిటర్ మార్పించి, లూప్ అటూ ఇటూ లాగేందుకు జాగా ఉండేలా చేయించారు. లాక్ అయిందని నేను గెంతితే ఒప్పుకోలేదు. "నిలబడటం గొప్పేం కాదు. చెదరగొట్టు, తిరిగొస్తుందేమో చూడు," అని కెపాసిటర్ కాలికి నా వేలు ఆనించారు. స్కోప్ తెర మీద గీత చెదిరి, మళ్ళీ కుదురుకుంది. నా గుండె దడ తగ్గడానికి మాత్రం ఇంకాసేపు పట్టింది.

ఉద్యోగంలో చేరాక కూడా ఏ బోర్డు బాగుపడినా ఆవిడకి ఫోన్ చేసేదాన్ని. కుశలప్రశ్నలేమీ ఉండవు. "వేలు పెట్టావా?" అనేవారు. పెట్టానంటేనే, "అయితే వెళ్ళి అన్నం తిను" అనేవారు. నాలాంటి పిరికిదాన్ని ఇంతకాలం ఈ పనిలో నిలబెట్టింది ఆ రెండు మాటలే.

ఆ రోజు బల్ల మీదున్నది మిల్లు మోటారు వేగాన్ని పట్టి ఉంచే బోర్డు. అది తడబడి అప్పటికే ఒకసారి దారాలన్నీ తెగాయి. మర్నాటి ట్రయల్‌లో మళ్ళీ తెగితే మమ్మల్ని ఆ గుమ్మం తొక్కనివ్వరు. ఇటు చూస్తే వేటపాలెం బస్సు. కళ్ళు మసకబారుతున్నాయి, చెయ్యి స్క్రూల మీదికి పోతోంది. చేతులు కట్టుకున్నాను. లూప్ తెంపాను. ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ కదల్లేదు. అంటే తప్పు దానిది కాదు. వెనక్కి వెతుక్కుంటూ పోతే, ఫిల్టర్ దగ్గర ఓ కెపాసిటర్ కారుతోంది. మార్చి, తీగ మళ్ళీ కలిపాను. లాక్ అయింది.

వేలు పెట్టాను. గీత వణికింది, చెదిరింది, మెల్లగా వచ్చి తన చోట నిలబడింది. బస్సు వేళవుతోంది. అయినా వేలు తీయడానికి భయమేసింది. తీశాక ఫోన్ చేయడం నాకు అలవాటు.