సుల్తాన్‌బీ ఇవ్వని మాఫీ

తోటపల్లి గూడూరు చుట్టుపక్కల సుల్తాన్‌బీ చేత గాజులు తొడిగించుకోని ఇల్లాలు అరుదు. గాజు తొడగడం బలంతో సాగే పని కాదు. బొటనవేలి కింది కండను మెత్తగా నొక్కి, ఎదుటి మనిషి మాటల్లో పడి చేతిని మరచిన క్షణాన గాజు ఎక్కించాలి. కనుక మాటకారితనం ఆ వృత్తికి పెట్టుబడి. సుల్తాన్‌బీకి అది నిండుగా ఉండేది. కోపమూ అంతే నిండుగా ఉండేది.

ఆ వేసవిలో ఆమె కడుపులోంచి కొబ్బరికాయంత గడ్డను నెల్లూరు ఆసుపత్రిలో తీసి, పరీక్షకు పంపారు. ఫలితం తెలుసుకోవడానికి భర్త దరియావలి ఒక్కడే వెళ్లి వచ్చాడు.

"ఏం లేదంట మే. ఉత్త గడ్డే" అన్నాడు, చెప్పులు విడుస్తూ. ఆమె నమ్మింది.

అటుపైన చుట్టాల రాక మొదలైంది. వచ్చినవారు ఖర్జూరాల పొట్లం చేతిలో పెట్టి, కాసేపు కూర్చుని, లేచే ముందు ఆమె చేతులు పట్టుకుని "అన్నదీ విన్నదీ మాఫ్ చెయ్యమ్మా" అనేవారు. హజ్‌కు బయలుదేరేవారినీ, లోకం విడిచి వెళ్లేవారినీ అలా క్షమాపణ అడగడం ఆ ఇళ్లలో ఆనవాయితీ. ఎంత మర్యాదైన ఆనవాయితీ! అయితే సుల్తాన్‌బీ హజ్‌కు వెళ్లడం లేదు.

ఒకనాటి మధ్యాహ్నం ఆడబిడ్డ కౌసర్ వచ్చింది. వచ్చీరాగానే కన్నీళ్లు పెట్టుకుంది.

"నన్ను మాఫ్ చెయ్యి వదినా. నెలనెలా నువ్వు నొప్పితో ముడుచుకొని పడుకుంటే, పని ఎగ్గొట్టేదానికి నాటకాలాడతాందని మా అమ్మకు నూరిపోసింది నేనే."

సుల్తాన్‌బీ చేతులు వెనక్కు లాక్కుంది. "నేనేడికి పోతుండానని అందరూ వరసబెట్టి వస్తుండారు? మక్కాకా, మట్టిలోకా?"

"అన్న చెప్పొద్దన్నాడు... క్యాన్సరంట వదినా."

దరియావలి ఇల్లు చేరేసరికి ఆమె గడపలోనే నిలబడి ఉంది.

"డాక్టరమ్మ ఏమనింది?"

అతడు తల వంచుకున్నాడు. "ఆ పేరు విన్నాక ఇంకేమీ చెవికెక్కలా. మళ్లా కొయ్యాలనింది. పోయే మనిషిని కోయించేదెందుకు, ఉన్నన్నాళ్లు నిమ్మళంగా ఉండనీలే అని లేచొచ్చేసినా."

"నా చావుకు ఊరంతా పిలుపులు పోయినాయి, నాకు దప్ప!"

జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాం. దెబ్బ తగిలితే నెత్తురు కనిపిస్తుంది. స్త్రీ కడుపులోని నొప్పికి ఆమె నోటిమాటే సాక్ష్యం, ఆ సాక్ష్యానికి విలువ కట్టేవారు మాత్రం ఇతరులు. ఆ అన్యాయం మీద ఇన్నేళ్లుగా అణచిపెట్టిన కోపమంతా ఆ రాత్రి ఆమెకు కంటి మీద కునుకు పడనివ్వలేదు.

తెల్లవారి ఆమె భర్తను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరు వాణి అలవాటుగా దరియావలి వైపు తిరిగింది.

"ఆయనతో కాదమ్మా, నాతో చెప్పండి. కడుపు నాది."

డాక్టరు కుర్చీ ఆమె వైపు తిప్పుకుంది. "గర్భసంచి లోపల ఉండాల్సిన పొర అండాశయంలో చేరితే, నెలనెలా మెలితిప్పే నొప్పి వస్తుంది. మీ గడ్డలో అది ఉంది. అట్లాంటి చోట కొద్దిమందికి ఈ రకం క్యాన్సర్ పుడుతుంది. గ్రేడంటే కణాలు ఎంతగా చెడినాయో చెప్పే లెక్క. మీది మొదటిది. కణాలు అసలు రూపం ఇంకా పోగొట్టుకోలేదు, నెమ్మదిగా పెరుగుతాయి. మూడోదైతే గుర్తుపట్టలేనంతగా చెడిపోయి, తొందరగా పాకుతాయి."

"అయితే నేను బతుకుతానా?"

"అండాశయం దాటకపోతే, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అయిదేళ్ల తరవాతా బాగుంటారు. దాటిందీ లేనిదీ గర్భసంచి, రెండో అండాశయం తీసి, చుట్టూ పరీక్షిస్తేనే తేలేది. దాటివుంటే మందులు ఎక్కించాలి. అందుకే నెల కిందటే రమ్మన్నాను."

"ఆ నొప్పికి అప్పుడే చూపించుకునుంటే?"

డాక్టరు మాట నాన్చలేదు. "ముందే కనిపెట్టే వీలుండేది."

"ఇంట్లో ఆలోచించుకొని చెప్తాం" అంటూ దరియావలి లేవబోయాడు.

"ఎవురు ఆలోచించేది? కూర్చో!" సుల్తాన్‌బీ గొంతుకు వరండాలోని రోగులు తొంగి చూశారు. "మీకు కుదిరే మొదటి రోజు చెప్పండమ్మా. వస్తా."

బయటకు రాగానే అతడు ఆమె చేతులు పట్టుకున్నాడు. "నన్ను మాఫ్ చెయ్యి మే."

ఆమె విదిలించుకుంది. "పోయేదాన్నయితే చేసేదాన్నే. నీతో, నీ చెల్లెలితో నాకింకా శానా లెక్కలుండాయి."

ఆపరేషనుకు పేర్లు రాసుకునే వరస వైపు ఆమె విసవిసా నడిచింది. చేతిసంచి పట్టుకుని దరియావలి వెనకే వెళ్లాడు.