బురదగుంట దగ్గర పేలిన తుపాకీ

నా చిన్నప్పుడు నేను అందరికంటే గొప్పవాడనుకున్న మనిషి మా మావయ్య. మా అమ్మకు తమ్ముడు. పలాసలో జీడిపప్పు వ్యాపారి దగ్గర గుమస్తా అయినా, వేటగాడినని చెప్పుకునేవాడు. టెక్కలి దగ్గర మా ఊరికి వచ్చినప్పుడల్లా ఎవరిదో నాటు తుపాకీ అడిగి తెచ్చుకుని, భుజాన వేసుకుని వీధిలో రెండుసార్లు తిరిగేవాడు. అతను కుందేలును కొట్టి తెచ్చింది కూడా మేమెవరం చూడలేదు. చూడకపోయినా నేను నమ్మాను.

బొటనవేళ్ళ మధ్య ఆకు బిగించి ఊది, ఆడదుప్పిలా అరవడం మాత్రం అతనికి వచ్చు. మా జీడితోట వెనక, కొండ కింద, దుప్పులు పొర్లే బురదగుంట ఉండేది. ఒక చలికాలం తెల్లవారాక, తన గొప్ప చూడమని నన్ను అక్కడికి తీసుకువెళ్ళాడు. బురదలో గిట్టల గుర్తులు తాజాగా ఉన్నాయి. పొదలో కూర్చుని ఊదాడు. మూడోసారి ఊదేసరికి గుంట అవతల నుంచి మగదుప్పి అరిచింది.

"ఇన్నావా బుల్లీ? ఎలాగొత్తందో సూడు!"

అరుపు మళ్ళీ వినిపించింది. కొమ్ము కనబడలేదు, తోలు కనబడలేదు, ఆకులు కదిలాయి, అంతే. మావయ్య కాల్చేశాడు.

"పడిపోనాది!" అంటూ మోకాలిలోతు బురదలోకి దూకాడు. అప్పుడు అవతల బండ చాటు నుంచి మా తాతయ్య లేచి నిలబడ్డాడు. మా నాన్నకు నాన్న, ఎప్పుడో వేట మానేసిన మనిషి. ఆ మగదుప్పి అరుపు ఆయనదే. గుండు తగిలి బండ మీద పెచ్చు లేచింది. దాన్ని వేలితో తడిమాడు.

"నువ్వు సూడకుండా కాలుత్తావని నాకు తెలుసు. అందుకే రాయెనక కూకున్నాను."

"దుప్పనుకున్నాను మావా..."

"మీ అప్ప రోజూ పుల్లలకొచ్చే తోవ ఇదేరా."

ఆ అప్ప మా అమ్మ.

తాతయ్య తిట్టలేదు. తిట్టడానికి కూడా తగని వాడిని చూసినట్టు ఒక్క చూపు చూసి, తుపాకీ లాక్కుని, నా చెయ్యి పట్టుకుని నడిచాడు. తుపాకీ దానంతటదే పేలిందని మావయ్య వెనక నుంచి చెబుతూనే ఉన్నాడు. సగం దారిలో తాడూ కత్తీ పట్టుకుని అమ్మ ఎదురైంది. "దుప్పి పడ్డాదేటే?" అని నవ్వుతూ అడిగింది. నేను ఆమె నడుము చుట్టుకుని ఏడ్చాను.

ఆ వారమే మావయ్య పలాస వెళ్ళి, దుప్పిని కొట్టాననీ, అది గాయంతో కొండెక్కేసిందనీ చెప్పుకున్నాడట. విన్నవాళ్ళు నమ్మారట కూడా. నాలాంటి వాళ్ళు అన్నిచోట్లా ఉంటారు.

ఇప్పుడు నాది ఆనాటి తాతయ్య వయసు. ఫలానా వాళ్ళ కోడలు ఇలాంటిదట, ఫలానా వాళ్ళ కొడుకు అలాంటివాడట అంటూ ఎవరో ఒకరు మా అరుగెక్కుతారు. "నువ్వు సూసినావా?" అని ఒక్కమాట అడుగుతాను. చూడలేదంటే, ఎంత దూరం నుంచి వచ్చినా సరే, మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపేస్తాను.