కొంగు మీద జపాన్ కోట

నాలుగు వందల ఏండ్లు నిటారుగా నిలబడిన ఒక కోటను తలకిందులు చేసిన ఘనత నాది. శత్రువుల వల్ల కాలేదు, భూకంపాల వల్ల కాలేదు. ధర్మవరంలో చెవి సందున పెన్సిల్ పెట్టుకుని కూర్చున్న నా వల్ల అయింది.

తొంభైల చివరి సంగతి. పట్టుచీరలకు డిజైన్లు గీయడం నా పని. నేను గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపితే, ఆ గళ్ళ ప్రకారం అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం పైన తిరుగుతుంటే కింద చీర మీద నెమలి పురి విప్పుతుంది. నేను గీసిన నెమళ్ళన్నిటికీ ప్రాణం వచ్చింటే మా పక్క చేలల్లో వేరుశనగ గింజ మిగిలేది కాదు.

ఒకసారి పట్టు కోసం హిందూపురం పోయినాను. పట్టుగూళ్ళ మార్కెట్టులో ఒక జపాన్ ఆయన ఉన్నాడు. తెల్లగూళ్ళు పెట్టే పురుగులను పెంచడం రైతులకు నేర్పేదానికి వచ్చిన పెద్దమనిషి. ఆయన పంచిన క్యాలెండరు ఒకటి నా చేతికీ వచ్చింది. దాంట్లో తెల్లటి కోట, అంతస్తు మీద అంతస్తు, ప్రతి అంతస్తుకూ రెక్క చాచినట్టు చూరు. హిమేజీ అని, వాళ్ళ ఊరి కోటంట. ఆ తెలుపు చూసి అక్కడివాళ్ళు దాన్ని కొంగ అంటారని పక్కనున్న ఆఫీసరు తెలుగులో చెప్పినాడు. కొంగ అనేసరికి నా బుద్ధి కొంగు మీదికి పోయింది.

టీ తాగినంతసేపూ ఆయన చెప్పినాడు, ఆఫీసరు తెలుగు చేసినాడు. కోట కట్టేటప్పుడు గోడలకు రాళ్ళు చాలకపోతే, బియ్యప్పిండి రొట్టెలమ్ముకునే ఒక ముసలవ్వ తన తిరగలి పైరాయి తెచ్చి ఇచ్చేసిందంట. అది విని జనం ఊరూరి నుంచీ రాళ్ళు మోసుకొచ్చినారంట. అంత కష్టపడి కట్టుకుంటే దాని మీదికి ఎవరూ యుద్ధానికి రాలేదు. దొరల కాలం పోయి కోటలన్నీ పాత సామాను కిందికి జమైనప్పుడు, దీన్ని వేలంలో ఎవడో పాడుకున్నాడు. ఊడబెరికి అమ్ముకుందామని చూస్తే, ఊడబెరికే ఖర్చే ఎక్కువని తేలి వదిలేసినాడు. పెద్ద యుద్ధంలో చుట్టూ ఊరు కాలిపోయింది. కోట మీద పడిన బాంబు మాత్రం పేలలేదు.

తిరుగు రైల్లో పెనుకొండ వచ్చేసరికి కిటికీలోంచి మా రాయల కాలపు కోట కనిపించింది. అది మా అత్తగారి ఊరు. కోటకు రాయిచ్చినవాళ్ళను ఆ ఊర్లో నేను చూడలేదు. కోట రాయి తెచ్చుకున్నవాళ్ళు వీధికొకరు ఉన్నారు. మా మామ ఇంటి ముందు కాళ్ళు కడుక్కునే బండ గూడా ఆ గోడదేనంటారు. సామ్రాజ్యం మీద కాళ్ళు కడుక్కుని లోపలికి పోయే అల్లుణ్ణి నేను. మా కోటకు నేను చేసిన మర్యాద అంతే, కనీసం పరాయి కోటనైనా నిలబెడదామనుకున్నాను.

గీసినాను. కట్టడం గీసేవాడు ఎవడైనా పునాదితోనే మొదలుపెడతాడు గదా. నేనూ పునాది రాళ్ళతో మొదలుపెట్టి, శిఖరంతో ముగించి, అట్టలను ఆ వరసలోనే కుట్టించి, నాకు పనిచ్చే షావుకారు మగ్గానికి పంపినాను. ఆ మగ్గంలో చీర ఒళ్ళు ముందు నేసి, కొంగు చివర నేస్తారు. కట్టుకున్నప్పుడు చివర నేసిందే అన్నిటికన్నా కిందికి వేలాడుతుంది. అంటే శిఖరం ముందు రావాల, పునాది తర్వాత రావాల. నెమలికైతే ఈ లెక్క నిద్రలో గూడా తప్పను. కోట మోజులో తప్పినాను.

షావుకారు చీరను అంగట్లో పదిమంది ముందర గుమాస్తా భుజం మీద వేసి చూపించినాడు. పునాది పైన, శిఖరం గుమాస్తా మడమల కాడ.

"ఏమప్పా, జపాన్‌లో ఆకాశం కిందుంటాదా?"

తప్పు నాదేనన్నాను. అట్టలు తిరగేసి కుట్టిస్తానన్నాను. ఆ కోట చరిత్ర వింటే మీరే ఒప్పుకుంటారని మొదలుపెట్టబోయినాను.

"చరిత్ర చీర కట్టుకుంటాదా? పోయి నెమలి గీయి."

ఇంకోసారి కోట పేరెత్తితే పని వేరేవాళ్ళకు ఇస్తానన్నాడు. నెమళ్ళను వాళ్ళకే ఇచ్చుకోమని చెప్పి, కోట అట్టలు చంకన పెట్టుకుని లేచి వచ్చేసినాను. ఆ ధైర్యం సుమారుగా మా వీధి మలుపు దాకా నాతో వచ్చింది. మర్నాటి నుంచీ ఊర్లో నా పేరు జపానోడు. టీ అంగడాయన గ్లాసు బోర్లించి పెట్టి, మీ కోటలో ఇట్లనే గదా తాగేదని అడిగేవాడు. నవ్వి, నిలబెట్టుకుని తాగేవాణ్ణి. కోటను మాత్రం వదల్లేదు.

ఇంట్లో మగ్గం మీద కూర్చునేది నా భార్య. నేను చెప్పిన చరిత్రంతా ఆమె పోగుల మధ్య నాడె ఆడిస్తూనే విన్నది. చివర్లో నాడె ఆపి అడిగింది: "రాయి ఇచ్చేసినాక ఆ యవ్వ పిండి దేంట్లో ఇసురుకున్నింది?"

నాకు తెలియదు. జపాన్ ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. రాయి గోడ ఎక్కిన సంతోషంలో ఆమె పొయ్యి సంగతి నాకు తట్టనే లేదు.

"కూడు పెట్టే రాయినే ఇచ్చింది ఆ యమ్మ. మనం ఒక చీర నేసుకోలేమా? ఈసారన్నా శిఖరం ముందు పెట్టు."

కూలి చీరల సందులో, సొంత పట్టుతో నేసినాము. కూరల్లో నూనె తగ్గింది గానీ కోట నిలబడింది.

ఆ ఏడే హిందూపురంలో షావుకారు తమ్ముని కొడుకు పెండ్లి. నేను పని వదిలేసి వచ్చినా ఆయన పిలుపు మానడు, మా ఊర్లో అది వేరే లెక్క. నా భార్య ఆ చీరే కట్టుకుంది. షావుకారు భార్య వెనక నుంచి వచ్చి కొంగు పట్టుకుని, చానాసేపు వదల్లేదు. ఎవరు గీసినారని అడిగింది. నా భార్య గడ్డంతో నన్ను చూపించింది. షావుకారు భార్య తన మొగుణ్ణి పిలిపించి, ఇట్లాంటిది మన అంగట్లో ఎందుకు లేదని నిలదీసింది.

"ఇది మన డిజైనే గదా," అన్నాడాయన కొంచెం గూడా తడబడకుండా. నా పక్కకు వచ్చి, అట్టలు రేపే పంపించమన్నాడు. లోపల చివరి బంతికి వడ్డన మొదలైంది. పూర్ణం పెట్టిన ఓళిగల మీద పోసే నెయ్యి వాసన మా దాకా వచ్చింది. ఆయనకు ఓళిగలంటే ప్రాణమని ఊరంతటికీ తెలుసు.

"పంపిస్తా షావుకారూ. కొనేవాళ్ళు అడిగితే మీరు చెప్పల్ల గదా. ముందు దాని చరిత్ర వినండి."

"ఇప్పుడా?"

"చెప్పనీ," అని ఆయన భార్య కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంక ఆయనా కూర్చోక తప్పలేదు.

మొదటి రాయి నుంచి మొదలుపెట్టినాను. అవ్వ తిరగలి దగ్గర చాలాసేపు ఆగినాను. తర్వాత ఆయన్ను చెయ్యి పట్టుకున్నట్టుగా కోట లోపలికి నడిపించినాను. ఆ కోటలో శిఖరం ఎదురుగానే ఉంటుంది, నేరుగా మాత్రం పోలేరు. దారి మెలిక తిరుగుతుంది, వాకిలి వస్తుంది, దాటితే దారి మళ్ళీ వెనక్కి మళ్ళుతుంది. దండెత్తి వచ్చినవాడు శిఖరాన్ని చూసుకుంటానే అలసిపోవాల. షావుకారు భోజనాల హాలు దిక్కు చూసి లేవబోయినప్పుడల్లా నేను ఇంకో మలుపు తిప్పినాను.

వడ్డించేవాళ్ళు ఖాళీ గంపలు బయటికి మోసుకొచ్చినారు.

"ఐపాయనా?" అన్నాడాయన నీరసంగా. కథను అడిగినాడో ఓళిగలను అడిగినాడో నేను విచారించలేదు.

"ఇంకా యాడ షావుకారూ. నడిమి వాకిలి కాడే ఉండాము."