అక్క తైవాన్ పంపు

కోదాడలో నాలుగేళ్లు మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన నాకు ఇంజన్ అంటే ఏమిటో పదో తరగతితో చదువు ఆపిన మా అక్క నేర్పింది. ఈ ముక్క ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. మిషను చెడిపోతే మెకానిక్‌కు ఫోన్ చేయడమే అక్కడ నా ఇంజనీరింగ్.

అక్కది చివ్వెంల దగ్గర ఊరు. మూడెకరాల వరి. బావ లారీ మీద నెలలో సగం రోజులు బయటే ఉంటాడు. అక్క దగ్గర పాత తైవాన్ పంపు ఒకటి ఉంది. వీపుకు తగిలించుకొని పొలానికి మందు కొట్టే పెట్రోలు స్ప్రేయరును మా వైపు అలాగే అంటారు. ఊళ్లో మిగతావాళ్ల పంపులు రెండు మూడు సీజన్లకే మూలన పడతాయి. అక్కది మాత్రం తాడు రెండుసార్లు గుంజితే చాలు, అందుకుంటుంది.

అందులో మాయమంత్రం ఏమీ లేదు. సీజన్ చివరి మందు కొట్టిన రోజే ట్యాంకులోని పెట్రోలు తీసేసి, మిగిలిన చుక్క కూడా కాలిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపుతుంది. పెట్రోలు లోపలే నిలవుంటే జిగురులా మారి కార్బొరేటరును పట్టేస్తుంది. ప్లగ్గు ఊడదీసి నాలుగు చుక్కల ఆయిల్ వేసి, తాడు మెల్లగా లాగి, యూరియా సంచి తొడిగి కొక్కేనికి తగిలిస్తుంది. మళ్లీ నాట్లకు ముందు దించి విప్పుతుంది. విప్పేటప్పుడు చూడాలి ఆమెను! అరుగు మీద సుద్దముక్కతో పంపు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో బొమ్మలో అక్కడే పెడుతుంది. ముగ్గుపిండితో గీస్తే ఇంజన్లోకి పోతుందట. కార్బొరేటరులో పెట్రోలు చిమ్మే జెట్టు రంధ్రాన్ని కరెంటు తీగలోని సన్నటి పోగుతో పొడిచి సైకిల్ పంపుతో గాలి కొడుతుంది. ఫిల్టరు స్పాంజిని సర్ఫు నీళ్లలో పిసికి నీడలో ఆరేస్తుంది. ఏటా ఆమె కొత్తగా కొనేది ఒక్క ఆయిల్ డబ్బానే.

"గింత కష్టమెందుకక్కా, షాపుల ఇస్తే అయిపోతది గదా" అని ఎగతాళి చేసేవాడిని.

"షాపోనికి ఇసొంటియి వంద పంపులు తమ్మీ. నాకు ఒక్కటే" అనేది.

మొన్నటి వానాకాలం వరి పాలు పోసుకునే వేళ సుడిదోమ పడింది. పక్క పొలాలు ఎక్కడికక్కడ గుండ్రంగా, కాలినట్టు ఎండిపోతున్నాయి. రెండు రోజుల్లో మందు పడకపోతే అక్క మూడెకరాలూ అంతే. సరిగ్గా అప్పుడే ఆమె పొలం ఒడ్డు మీద జారిపడి కుడిచేయి విరగ్గొట్టుకుంది. పిండికట్టు వేశారు. కిరాయి పంపు ఒక్కటీ ఖాళీ లేదు. డ్రోన్ వాళ్లు వారం తర్వాత వస్తామన్నారు. బావ ఎక్కడో నాగపూర్ దగ్గర ఉన్నాడు. నేను సెలవు పెట్టి వచ్చాను.

పొద్దున్నే మొదలుపెట్టాను. అరెకరం అయ్యేసరికి పంపులో పెట్రోలు అయిపోయింది. ఆయిల్ కలిపిన సీసా ఇంటి దగ్గర ఉంది. అంత దూరం ఎవరు పోతారు? ఒడ్డున నా బైకు ఉంది. దాని పైపు పీకి పెట్రోలు పట్టి పంపులో పోశాను. బైకుకు ఆయిల్ విడిగా ఉంటుంది. పంపుకైతే పెట్రోల్లోనే కలపాలి, లేకపోతే పిస్టను ఎండి పట్టేస్తుంది. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే! కాసేపు దివ్యంగా నడిచింది. తర్వాత కీచుమని అరిచి బిగుసుకుపోయింది.

"ఏమైందిరా?" అంది అప్పుడే ఒడ్డు మీదికి వచ్చిన అక్క.

"ఏమో అక్కా, దానంతట అదే ఆగింది" అన్నాను.

సూర్యాపేట మెకానిక్‌కు ఫోన్ చేస్తే పది రోజులు పడుతుంది, కొత్తది తీసుకోండి అన్నాడు.

"కొత్తది కొంటే మందు దేంతోని కొనాలె? ఇప్పుదాం పా" అంది అక్క. ఎడమచేత్తో అరుగు మీద వంకరటింకరగా బొమ్మ గీసింది. "నేను చెప్తుంట, నువ్వు ఇప్పు. జర మెల్లగ."

సిలిండరు ఊడివచ్చింది. పిస్టను మీద నిలువునా గీతలు. రింగు గాడిలోనే అంటుకుపోయింది. అక్క పిస్టనును తడిమి తన వేళ్లు చూసుకుంది. చమురు జాడ లేదు. తర్వాత నన్ను చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా స్క్రూలు సర్దుతూ కూర్చున్నాను.

"గీతలు లోతు లెవ్వు. రింగు తెస్తే నడుస్తది" అంది, అంతే.

సూర్యాపేటలో ఆ రింగు దొరకలేదు. కోదాడ పోయాను. దుకాణాయన పాత రింగును అటూ ఇటూ తిప్పి, "ఆయిల్ కలపకుండా నడిపినట్టున్నారే! ఎవరండీ నడిపింది?" అన్నాడు.

"మా అక్కండీ. ఆడవాళ్లు కదా, ఆమెకేం తెలుస్తది" అన్నాను. నోటికి అలా వచ్చేసింది. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

తిరిగి వచ్చేసరికి అక్క పిస్టనును మోకాళ్ల మధ్య ఇరికించుకొని, ఎడమచేత్తో నీళ్ల పేపరనే సన్నటి గరుకు కాగితం పట్టి గీతలు నున్నగా రుద్దుతోంది. చెమటలు కారుతున్నాయి. నాకు సిగ్గేసింది. ఆమె పుట్టిన కడుపునే నేనూ పుట్టానన్న గర్వం కూడా కలిగింది. రింగు కొసలు రెండూ గాడిలోని చిన్న పిన్నుకు అటూ ఇటూ కూర్చోవాలనీ, తప్పితే విరుగుతుందనీ ఆమె చెప్పాకే నాకు ఆ పిన్ను కనబడింది. అన్నీ బిగించాం. సీసాలోని పెట్రోలు ఆమే పోయించింది. తాడు ఐదోసారి గుంజితే ఇంజన్ అందుకుంది.

మర్నాడు సాయంత్రానికి మూడెకరాలూ కొట్టేశాను. "మొదలుకు కొట్టు, ఆకుకు గాదు!" అని ఆమె ఒడ్డు వెంట అరుస్తూనే ఉంది. ఒక మూల కొద్దిగా మాడింది గానీ పంట నిలబడింది.

కోతల రోజున ఆగలేక బైకు పెట్రోలు సంగతి చెప్పేశాను.

"పిస్టన్ సూసినప్పుడే తెల్సింది" అంది.

"మరి అప్పుడే ఎందుకు అడగలే?"

"అడిగితే మొకం మాడ్సుకొని మిర్యాలగూడ పోతుంటివి. నా చెయ్యేమో గిట్లుండె. పొలం ఏంగావాలె?" అని నవ్వింది. "ఎట్లనో గట్ల నేర్సుకున్నవ్ గదా. యాసంగి నాట్లకు నువ్వే వచ్చి ఇప్పు."

ఆమె అంత తేలిగ్గా నవ్వేసరికి కోదాడ దుకాణంలో ఆమె గురించి నేనన్న మాట చెప్పకుండానే వచ్చేశాను. పెట్రోలు సంగతి పిస్టను చెప్పేసింది. ఇది నేను చెబితే తప్ప ఆమెకు ఎప్పటికీ తెలియదు. అందుకే రాశాను. ముందు చదివేది అక్కే.