చెప్పులతో చేసిన ప్రార్థన

"క్యారేజీలో కూరకి ఉప్పెక్కువైందయ్యా, చూసి కలుపుకో."

"నీ చేతికి ఉప్పెప్పుడు తక్కువైందే? మధ్యాన్నం మజ్జిగ పట్టుకురా, సరిపోద్ది."

అంతే. మా ఆయనా నేనూ ఆఖరుసారి అనుకున్న మాటలివే. నాకు సంతకం మించి రాదు, మా చెల్లెలి కూతురు రాస్తోంది. ఉన్నదున్నట్టు రాయమ్మాయ్. ఆయన పోయాక మా సంఘంలో ఆడోళ్లు అడిగారు, "పోయే ముందు ప్రభువుని తలుచుకున్నాడా వదినా?" అని. తలుచుకున్నాడు. అదే నా బాధ.

మాది కౌలు చేను. మిరప వేశాం. చీమకుర్తి రాయి లారీలు పోయే రోడ్డు పక్కనే, ఆకు మీద ఎప్పుడూ తెల్లటి దుమ్ము. చేను మూలన బోరు, దాని పక్కన రేకుల గది, అందులో మోటారు స్టార్టరు. పైపు కారి ఆ గదిలో నేల ఎప్పుడూ తడిగానే ఉండేది. ఆయనకొక అలవాటుండేది. పని మొదలుపెట్టే ముందు చెప్పులిప్పి ప్రార్థన చేసుకునేవాడు. చర్చిలో ఎట్టా విప్పుతామో చేలోనూ అట్టానే. "దేవుడు గోడల మధ్యనే ఉంటాడా ఏందే" అనేవాడు. ఆ పొద్దున కూడా గది బయట చెప్పులిప్పి, తలగుడ్డ తీసి, కళ్లు మూసుకున్నాడంట. పక్క చేలో కలుపు తీసే ఆడోళ్లు చూశారు. ఆమెన్ అని, అట్టానే ఉత్తకాళ్లతో లోపలికి పోయి స్టార్టరు మీద చెయ్యేశాడు. ఇనప డబ్బాకి కరెంటు పాకి ఉంది.

నేను పరిగెత్తుకుంటా పోయేసరికి చెప్పులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఇప్పుడే వచ్చి తొడుక్కుంటాడన్నట్టు.

సమాధి దగ్గర పాస్టరయ్యగారు "ప్రార్థనలో పోయినవాడు ధన్యుడమ్మా" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "ప్రార్థన చేసుకోకపోతే చెప్పులుండేయి, చెప్పులుంటే బతికేవాడు గదా అయ్యగారూ" అన్నాను. మంచాయనే. తలొంచుకుని నా పక్కన మట్టిలో కూర్చున్నారు.

అప్పట్నించి రెండు భయాలు పట్టుకున్నాయి నన్ను. స్టార్టరంటే భయం, ప్రార్థనంటే భయం. మోకాళ్లూనితే చాలు, ఆ చెప్పులు కళ్లముందుకొచ్చేయి. ఇటు చూస్తే నీళ్లు లేక చేను వాడిపోతోంది. లైన్‌మెన్ వచ్చి డబ్బా బాగుచేసి, "ఇంకేం కాదమ్మా, పసిపిల్లైనా వెయ్యొచ్చు" అన్నాడు. "అయితే రోజూ నువ్వే వచ్చి వెయ్యి నాయనా" అన్నాను. నవ్వి పోయాడు. మా మరిది కొన్నాళ్లు వేశాడు. తర్వాత వాళ్లావిడ ఆపేసింది. "నా మొగుణ్ణి కూడా ఆ గదికి పంపమంటావా అక్కా?" అంది. తప్పనలేను. నేనైనా అదే అందును.

ఇక నేనే పోయాను. కాళ్లకి రబ్బరు చెప్పులు, చేతిలో ఎండు కర్ర. ప్రార్థన చేసుకోకుండా చెయ్యి లేవదు, చెప్పులిప్పకుండా నోరు పెగలదు. బుద్ధెరిగాక చెప్పులతో ప్రార్థన చేసిందాన్ని కాదు. లారీలు పోతున్నాయి, కాళ్లు వణుకుతున్నాయి. చివరికి కళ్లు తెరుచుకునే అన్నాను: "ప్రభువా, చెప్పులిప్పను. నీకు కోపమొస్తే రానీ. ఆయన విప్పాడు, చూశావు గదా. నాకు భయంగా ఉంది. నువ్వున్నావో లేవో కూడా ఇయ్యాల నాకు తెలవట్లా. ఉంటే నా పక్కన నిలబడు." కర్రతో పచ్చ బటన్ను నొక్కాను. మోటారు గుర్రుమంది. నీళ్లొచ్చాయి. నేను గట్టు మీద కూలబడి కక్కుకున్నాను.

భయం పోయిందా అంటే పోలేదు. మర్నాడూ అదే వణుకు, అదే మాట. నాకు తెలిసిన ధైర్యం అదొక్కటే, వణుక్కుంటానే ప్రభువుని పక్కన నిలబడమని అడగటం. నిలబడ్డాడా? ఒక్కోరోజు నిలబడ్డట్టే ఉండేది. ఎక్కువ రోజులు లారీల మోతే.

పోనీ చేనైనా దక్కిందా అంటే అదీ లేదు. పూత మీద నల్ల తామర పురుగు పడింది. పూలన్నీ రాలాయి, ఆకు ముడుచుకుపోయింది. చేను గలవాళ్లు ఇంకొకళ్లకి ఇచ్చుకున్నారు. ఇప్పుడు కూలికి పోతున్నాను. అయినా ప్రార్థన మానలా. ఎందుకని అడిగితే చెప్పలేను. మాట్లాడటానికి ఇంట్లో ఇంకెవరున్నారు?

దీన్ని ఆదివారం ఆడోళ్ల కూటంలో సాక్ష్యంగా చదవాలంటున్నారు. సాక్ష్యమంటే రోగం తగ్గిందనో, బిడ్డ పుట్టాడనో చెప్తారు. నా దగ్గర అట్టాంటిదేం లేదు. నువ్వు చదువుకున్న పిల్లవి, పెద్దమ్మ మాట బాగుండాలని చివర్లో "ఇప్పుడు ధైర్యంగా ఉంది" అని ఏమన్నా కలిపావేమో. కలిపుంటే కొట్టెయ్. భయపడేవాళ్లు కూర్చుని వింటారు, వాళ్లకి అబద్ధం చెప్పమాక. ఏదీ, మొదట్నించి చదువు, వింటాను.