గన్ను మేస్త్రి కొన్న గాలి

గాలిని నమ్మకూడదన్నది గన్ను మేస్త్రి మొదటి సూత్రం. మనుషుల్ని అసలే నమ్మకూడదన్నది రెండోది. మొదటిది ఆయన బస్సుల షెడ్డులో నేర్చుకున్నాడు. రెండోది పుట్టుకతోనే వెంట తెచ్చుకున్నాడని ఆయన భార్య అంటుంది.

ఆయన చదువు ఊరి బడిలో అయిదో తరగతి దగ్గర ఆగింది. ఆగితే ఆగింది గాక! ముప్పై ఎనిమిదేళ్ళు రంగు గన్ను పట్టిన చెయ్యి అది. రెండు వేల మూడు వందల బస్సులు ఆ చేతి కింద నుంచి తళతళలాడుతూ రోడ్డెక్కాయి. ఒకసారి వానలు విడవకుండా కురిసిన వారంలో మిగతా షెడ్లన్నీ చేతులెత్తేస్తే, ఈయన ఒక్కడే అయిదు బస్సులకు రంగు వేసి, ఆరబెట్టి పంపాడు. తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు ఈయన రంగు వేసిన బస్సు పక్కన నిలబడి, అందులో తన ముఖం చూసుకుంటూ తల దువ్వుకున్నాడు. ఆ దువ్వెన సంగతి షెడ్డులో తెలియనివాళ్ళు లేరు. ఉంటే మేస్త్రే పిలిచి మరీ చెప్పేవాడు.

గాలి మీద ఆయన అనుమానం ఊరికే పుట్టింది కాదు. కంప్రెసర్ గాలిని పిండి తొట్టిలో కుక్కుతుంది. అలా పిండినప్పుడు గాలిలో దాక్కున్న తేమ నీటిచుక్కలుగా మారుతుంది. ఆ చుక్క రంగుతో కలిసి బయటికొచ్చి రేకు మీద పడిందా, ఇక పొక్కులే. అందుకే మేస్త్రి రోజూ గన్ను ముట్టుకునే ముందు గొట్టం గాలిని ఒక చిన్న అద్దం మీద ఊదించి, మసక పడుతుందేమో చూసేవాడు. ఉద్యోగం వదిలి ఆరేళ్ళయినా ఆ అద్దం చొక్కా జేబును వదల్లేదు.

విశ్రాంతి దొరికాక ఆయన చిన్న చిన్న నమూనా బస్సులు కట్టడం మొదలుపెట్టాడు. కొలతకు కొలత, మేకుకు మేకు. అది విని షెడ్డు మేనేజరు కబురు పెట్టాడు. షెడ్డుకు యాభై ఏళ్ళు నిండుతున్నాయి. అక్కడ తయారైన మొట్టమొదటి బస్సుకు నమూనా చేసి గేటు దగ్గర గాజుపెట్టెలో పెడదామని. మేస్త్రి ఎనిమిది నెలలు కూర్చుని పలచటి ప్లాస్టిక్ రేకులు కోసి, అతికి, మోచేతి పొడుగున బస్సు నిలబెట్టాడు. కిటికీల మధ్య కమ్మీలు అగ్గిపుల్లల కంటే సన్నం. ఇక రంగే మిగిలింది.

"పన్నెండు రోజులే ఉంది పెద్దాయనా. రంగు మీరు వేయగలిగితే సరే. లేదంటే స్టిక్కర్ వాళ్ళతో అతికించేస్తాం," అన్నాడు మేనేజరు.

స్టిక్కర్! ఆరేళ్ళ క్రితం ఆ స్టిక్కర్లు వచ్చే కదా షెడ్డులో గన్నులన్నీ గోడ మేకులకు ఎక్కాయి. మొట్టమొదటి బస్సుకు కూడా అదే గతా? మేస్త్రికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. కానీ కుంచెతో వేస్తే గీతలు పడతాయి, పెద్ద గన్నుతో కొడితే ఆ కమ్మీలన్నీ రంగులో మునిగి బస్సు కాస్తా ఇటుక అవుతుంది. దానికి కావలసింది పెన్నులా చేతిలో ఇమిడే చిన్న గన్ను. ఎయిర్‌బ్రష్ అంటారట. దానికో చిన్న కంప్రెసర్.

అది దొరికే కొట్టు తనకు తెలుసని అల్లుడు చెప్పాడు. అల్లుడు లెక్కల మాస్టారు. మేస్త్రికి అక్కడే చెవి నిక్కబొడుచుకుంది. లెక్కల మాస్టారుకు రంగుల కొట్టు ఎందుకు తెలియాలి?

కొట్టాయన జేబులో నాలుగు పెన్నులు పెట్టుకున్నాడు. చూడగానే మేస్త్రి ఆయనకు పెన్నులాయన అని పేరు పెట్టేసుకున్నాడు. పెన్నులాయన అల్లుణ్ణి చూసి, "రండి మాస్టారూ, మొన్ననే అనుకున్నాను," అన్నాడు. మొన్న ఏమనుకున్నాడు? మేస్త్రి ఆ మాటను మనసులో ముడి వేసుకున్నాడు.

మొదట తొట్టి లేని కంప్రెసర్ చూపించాడు, రొట్టె డబ్బా అంత.

"చాలా మంది ఇదే తీసుకుంటారు సార్."

"చాలా మంది సంగతి నాకెందుకు? పావుగంట నడిపించు."

"పావుగంటా? కరెంటు సార్..."

"కాలే కరెంటుకు డబ్బు నేనిస్తాను. నడిపించవయ్యా."

మేస్త్రి అద్దం తీశాడు. కొట్టులో ఉన్న ఇద్దరు ముగ్గురు చుట్టూ మూగారు. పది నిమిషాలకు ఆ యంత్రం వేడెక్కింది, పన్నెండో నిమిషానికి అద్దం మీద ఆవగింజలంత చుక్కలు మొలిచాయి. మేస్త్రి అద్దాన్ని ఊరేగించినట్టు అందరికీ చూపించాడు.

"చూశావా అల్లుడూ! మీవాడు నాకు నీళ్ళు అమ్మబోయాడు."

"మావాడేంటి మావయ్యా, మీరు మరీనూ," అని అల్లుడు నవ్వేశాడు.

పెన్నులాయన రెండోది తెచ్చాడు. దీనికి మూడు లీటర్ల తొట్టి, తొట్టి అడుగున నీళ్ళు వదిలే మర, గొట్టం దగ్గర తేమ పట్టే గాజుబుడ్డి. పావుగంట నడిచినా అద్దం ఎండుగానే ఉంది. మేస్త్రి ఇంకో పావుగంట నడిపించాడు. అయినా ఎండుగానే ఉంది. తప్పు దొరకనందుకు ఆయనకు కొంచెం బాధ కూడా కలిగింది.

ఎయిర్‌బ్రష్‌ల దగ్గర మళ్ళీ మొదలు. పైన చిన్న గిన్నె ఉన్నదా, కింద సీసా తగిలించేదా? గిన్నె ఉన్నదే, చుక్క రంగుతో పని అవుతుంది. రంగు చిమ్మే ముక్కు సన్నదా, లావుదా? సన్నదే. మీట నొక్కగానే గాలీ రంగూ కలిసి వచ్చేదా, రెండూ వేరువేరుగా లొంగేదా?

"రెండూ వేరుగా ఉండేదే మీకు పనికొస్తుంది సార్. నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. ఆపేటప్పుడు మాత్రం..." అని పెన్నులాయన చూపించబోయాడు.

"ఆపు నాయనా, ఆపు. నువ్వు పాలు తాగే రోజుల్లో నేను బస్సుకు రంగు తాగించాను. రెండు వేల మూడు వందలు. నాకు నేర్పుతావా?"

పెన్నులాయన చూపించడం మానేసి డబ్బా కట్టాడు.

ఇంట్లో వరండాలో బల్ల వేసి, పాత డబ్బా మూతల మీద మేస్త్రి చెయ్యి చూసుకున్నాడు. రంగు పాలలా పలచన చేశాడు. మొదటి గీత వెన్నలా సాగింది. వేలు ఎత్తి, మళ్ళీ నొక్కాడు. తుప్ మని ఉమ్మింది. నాలుగు చుక్కలు. మళ్ళీ గీత, మళ్ళీ మొదట్లో ఉమ్ము. పెద్ద బస్సుకైతే గన్నును రేకు బయటే మొదలుపెట్టి లోపలికి తెస్తారు, మొదటి తుంపర ఏదైనా ఉంటే గాలిలో పోతుంది. ఈ బుల్లి బస్సుకు బయట ఎక్కడుంది? కమ్మీకీ కమ్మీకీ మధ్య గీత పుట్టేదీ అక్కడే, చచ్చేదీ అక్కడే. ఒక్క ఉమ్ము పడితే సన్నటి ప్లాస్టిక్ మీంచి దాన్ని గోకి తీయడం కూడా కుదరదు.

తొట్టి నీళ్ళు వదిలాడు. నీళ్ళు లేవు. బుడ్డి విప్పాడు. పొడి. అద్దం పెట్టాడు. పొడి. మూడు రోజులు విప్పడం, తుడవడం, బిగించడం, ఉమ్మించుకోవడం. నాలుగో రోజు ఆయన చూపు అట్టడబ్బా మీద పడింది. దాని మూతకు టేపు రెండు పొరలుగా ఉంది.

"ఒసేయ్, ఇది ఒకడు వాడి తిరిగిచ్చిన సరుకే! పైకి మంచిది చూపించి లోపల దీన్ని పెట్టాడు. మొన్ననే అనుకున్నాను అన్నాడు చూడు, ఇదే అనుకున్నది. అల్లుడికి వాటా లేకుండా ఉంటుందా?"

"ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికెవడో," అంది భార్య, మడతపెడుతున్న బట్టల్లోంచి తల ఎత్తకుండా. "అల్లుడి మాట ఎత్తకండి. గడపలోనే ఉన్నాడు."

నిజంగానే గడపలో ఉన్నాడు. చెప్పులు విడవబోతూ ఆగిపోయాడు.

"మావయ్యా, వాళ్ళ అబ్బాయి మా బళ్ళో చదువుతాడు. అంతే నాకూ ఆయనకూ ఉన్న చుట్టరికం," అన్నాడు.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమెందుకు?"

అల్లుడు విడవబోయిన చెప్పులు మళ్ళీ వేసుకుని వెళ్ళిపోయాడు. ఇంకా ఎనిమిది రోజులు.

మర్నాడు మేస్త్రి సామానంతా సంచిలో వేసుకుని, చుక్కలు పడిన డబ్బా మూతలు కూడా సాక్ష్యానికి పెట్టుకుని కొట్టుకు వెళ్ళాడు. అక్కడ ఒక అమ్మాయి ఎయిర్‌బ్రష్ ముక్కులో ఉండే సూదులు కొంటోంది. కేకుల మీద ఎయిర్‌బ్రష్‌తో పువ్వులు వేసి అమ్ముతుందట. చేతుల నిండా గులాబిరంగు మరకలు.

"దొంగ సరుకు అంటగట్టావు!" అని మేస్త్రి మూతలన్నీ బల్ల మీద పరిచాడు.

"టేపు నేనే రెండుసార్లు వేశాను సార్. మీరు అరగంట నడిపించాక మళ్ళీ కట్టొద్దూ?" అన్నాడు పెన్నులాయన. మేస్త్రి యంత్రం పెట్టమన్నాడు, అద్దం తీశాడు. అద్దం ఎప్పటిలా పొడిగానే ఉంది. ఇన్నేళ్ళలో ఆ అద్దం ఆయనకు అబద్ధం చెప్పలేదు.

కేకులమ్మాయి మూతల మీద చుక్కలు చూస్తోంది. "బాబాయ్‌గారూ, నేనోసారి పట్టుకోవచ్చా?"

కాగితం మీద ఆమె పది గీతలు గీసింది. ఒక్క ఉమ్ము లేదు.

"కాగితం పీల్చుకుంటుంది. దాని మీద తెలియదు," అన్నాడు మేస్త్రి. "మూత మీద గియ్యి."

మూత మీద గీసింది. లేదు.

"ఇంకోసారి. ఆగి, మళ్ళీ మొదలుపెట్టు."

ఆగి మొదలుపెట్టింది. లేదు. ఈసారి మేస్త్రి మూతను వదిలేసి ఆమె వేలు చూశాడు. రంగు ఆగింది, కానీ గాలి ఆగలేదు. వేలు మీటను ముందుకు జార్చిందే తప్ప పైకి లేవలేదు. గాలి చప్పుడు సన్నగా పోతూనే ఉంది.

"మీరు గీత అయ్యాక వేలు ఒక్కసారిగా ఎత్తేస్తున్నారు కదూ?" అంది. "అప్పుడు గాలీ రంగూ ఒకేసారి చస్తాయి. సూది కొన మీద చుక్క మిగిలిపోతుంది. మళ్ళీ నొక్కగానే అదే ఎగిరి పడుతుంది."

పెద్ద గన్నులో మీట వదిలితే చాలు, ముందు రంగు, తర్వాత గాలి, దానంతట అదే ఆగుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళు, రెండు వేల మూడు వందల బస్సులు, ప్రతి గీత చివరా ఆయన వేలు ఎగిరింది. ఇది చేతగానివాడు చేసే తప్పు కాదు. చెయ్యి తిరిగినవాడు మాత్రమే చేయగల తప్పు.

"నీకెన్నాళ్ళయింది అమ్మాయ్, ఇది పట్టి?"

"ఎనిమిది నెలలండి. నాకు పాత అలవాటేం లేదుగా, తొందరగా వచ్చింది."

మేస్త్రి మూతలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి సంచిలో పెట్టుకున్నాడు. పెన్నులాయన వైపు చూడకుండానే, "ఆవేళ నువ్వు చెప్పబోయింది ఇదేనా?" అన్నాడు.

"ఇదే సార్."

"గట్టిగా చెప్పాల్సింది," అని మెట్లు దిగాడు.

సంగతి తెలిసింది గానీ వేలికి తెలియలేదు. రెండు రోజులు సాధన చేశాడు. తొమ్మిది గీతలు బుద్ధిగా ఉండి పదో గీతకు వేలు ఎగిరేది. ఇప్పుడు అనుమానమంతా సొంత కుడిచేతి మీదికి మళ్ళింది. దొంగను పక్కలో పెట్టుకున్నట్టు దాన్ని కనిపెట్టి చూశాడు. పట్టుకోలేకపోయాడు.

మూడో రోజు విసిగి, ఎయిర్‌బ్రష్‌ను ఎడమచేతికి మార్చాడు. గన్ను ఎరగని చెయ్యి అది. దానికి దేన్నీ మర్చిపోవలసిన పని లేదు. వణకకుండా కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. యాభై గీతలు. ఒక్క ఉమ్ము లేదు.

ఇక బస్సు. దాన్ని తిరిగే పీట మీద పెట్టాలి. రెండు చేతులూ పనిలో ఉంటే పీట తిప్పేదెవరు? భార్యకు కళ్ళు మసక. ఆయన కాసేపు గింజుకుని ఫోను తీశాడు.

"అల్లుడూ, ఏం చేస్తున్నావ్?"

"పేపర్లు దిద్దుతున్నాను మావయ్యా."

"నేనూ ఒకటి దిద్దుకోవాలి. నీ చెయ్యి కావాలి."

అల్లుడు వచ్చాడు. పాత మాట ఎవరూ ఎత్తలేదు. గిన్నెలో మీగడరంగు పోసి, కిటికీ కమ్మీలన్నీ ఒక చుట్టులో పూర్తి చేయాలని మేస్త్రి చెప్పాడు. మధ్యలో వేలు ఎత్తేది లేదు. గాలి మొదలైతే చివరి కమ్మీ దాకా గాలి ఆగకూడదు.

పీట మెల్లగా తిరిగింది. ఒక కమ్మీ, రెండు, అయిదు. ఎడమవేలు వెనక్కి, ముందుకు, వెనక్కి. రంగు వేసిన వైపు తిరిగి అల్లుడి ముందుకు పోతోంది, మేస్త్రికి కనబడదు. పదకొండో కమ్మీ దగ్గర చప్పుడులో ఏదో తేడా వినిపించినట్టయింది. చూడాలంటే వంగాలి. వంగితే చెయ్యి కదులుతుంది. వేలు ఎత్తి చూద్దామంటే ఆ ఎత్తడమే చుక్క.

"పడిందా?" అన్నాడు, పళ్ళ సందుల్లోంచి.

"పడలేదు మావయ్యా."

"వెనక తలుపు పక్కన కూడా చూడు. సరిగ్గా చూశావా?"

"చూశాను. పడలేదు."

జీవితంలో ఎవరి కళ్ళనూ నమ్మి రంగు వేసినవాడు కాదు మేస్త్రి. గాలి సన్నగా పోతోంది. ఎడమవేలు నొప్పెడుతోంది. ఇంకా పదకొండు కమ్మీలున్నాయి.

"సరే," అన్నాడు. "తిప్పు."