మామగారి చెక్కముక్క

సబ్బుల ప్రకటనల్లో మరకలు పోయినంత వేగంగా మా ఇంట్లో ఎప్పుడూ పోలేదు. నా పెళ్ళినాటి తెల్లచొక్కాయే సాక్షి.

తొంభైల్లో, పెళ్ళయిన నెలకు, మద్రాసు చూలైలో మామగారు లారీల డీజిల్ పంపులు బాగుచేసే షెడ్డుకు వెళ్ళాను. రెడ్డన్న తన ఒక్కగానొక్క లారీకి బలం పెంచమన్నాడు. ఇంజనీరింగు చదివినవాడిని కదా, పంపు నుంచి డీజిల్ ఇరవై శాతం పెంచితే హార్స్‌పవరూ ఇరవై శాతం పెరుగుతుందని కాగితం మీద తేల్చాను. ఆ డీజిల్ మండడానికి గాలి కూడా పెరగాలన్న సంగతి కాగితంలో పట్టలేదు. మామగారు నేను చెప్పినంతా పంపు స్క్రూ తిప్పారు. పంపు ముట్టుకున్నవాళ్ళే ట్రయలుకు వెళ్ళాలన్నది షెడ్డు ఆనవాయితీ. రెడ్డన్న స్టీరింగు పట్టాడు, మేమిద్దరం లారీ ఎక్కాం. ఆయన ఒక చెక్కముక్క వెంట తెచ్చుకున్నారు.

లోడుతో ఎన్నూరు వంతెన ఎక్కలేక, లారీ నల్లటి పొగ కక్కుతూ వెనక్కి జారసాగింది. మామగారు దూకి చక్రం కింద చెక్క తోశారు. చేతులతో ఆపుదామని దిగి వెనక నిలబడ్డ నాకూ, నా తెల్లచొక్కాకూ పొగంతా దక్కింది.

మామగారు తన తుండుతో నా మొహం తుడిచారు. ఇంజన్ల సంగతేమోగానీ, చెక్క ఎందుకు తెచ్చారో నాకప్పుడు అర్థమైంది.

"లెక్క నేనే ఏసింది రెడ్డన్నా. మా అల్లుడ్ని ఏమీ అనబాక."

రెడ్డన్న నా జేబులోని కాగితం వైపు చూశాడు.

"నీకు సంతకమే రాదు గదా మేస్త్రీ!"